ఒడ్డున ఎర్రకోటు

ఆంబ్రోస్ లార్టర్‌కి మనుషుల్ని వేయడం చేతకాదు. ఆకాశం వేయమంటే మబ్బుల్ని కాగితమంతా తడితడిగా పరిచేస్తాడు. నీళ్ళు వేయమంటే చూసినవాళ్ళకి కాలు పెట్టాలనిపిస్తుంది. మనిషిని వేయమంటే మాత్రం ఎండుచేపకి టోపీ పెట్టినట్టు వస్తుంది. అందుకని ఇంగ్లండులో వాళ్ళ ఊరి పక్కన పారే వేవెనీ నది బొమ్మల్లో నది అతనిది, ఒడ్డునుండే మనుషులు అతని అక్క హెప్సిబావి. ఈ సంగతి ఆ ఇంటి వంటగది దాటి ఎన్నడూ బయటికి పోలేదు.

భర్త పోయాక తమ్ముడి పంచన చేరిన మనిషి హెప్సిబా. వంట ఆమెదే, రంగు బిళ్ళలు అరగదీయడం ఆమెదే, కుంచెలు కడగడమూ ఆమెదే. ఆంబ్రోస్ నది ఒడ్డున కూర్చుని పెన్సిలుతో గీసుకుని, పైన రంగు పూసి, కాగితాన్ని ఇంటికి తెచ్చేవాడు. మనిషి కావలసిన చోట సన్నగా ఇంటూ గుర్తు పెట్టేవాడు. నిజంగానే అక్కడ ఎవరైనా కనబడితే మాత్రం ఇంటూ పెట్టకుండా, వంగున్నారో నిలబడ్డారో అక్కకి తెలిసేలా చిన్న పుల్లబొమ్మ గీసేవాడు. హెప్సిబా దాని మీద చిక్కటి ఇంగిలీకంతో ఎర్రచుక్క పెట్టి, దానికి కాళ్ళూ చేతులూ ఇచ్చి మనిషిని చేసేది. ఇంత పచ్చదనంలో ఎక్కడో ఒకచోట ఎరుపు పడాలి. లేకపోతే చూపు నిలవదు, చూపు నిలవని బొమ్మని దొరలు కొనరు. కూరలో ఉప్పు ఎందుకో ఇదీ అందుకే.

దొరల ముందు ఆంబ్రోస్ చెప్పుకునేది మాత్రం వేరు. "నా కంటి ముందు లేనిది నా కాగితం మీద ఉండదు" అనేవాడు. ఆ రోజుల్లో దొరలకి ఆ పిచ్చి బాగా ముదిరింది. చెట్టు ఉన్నది ఉన్నట్టు ఉండాలి, నది ఉన్నది ఉన్నట్టు ఉండాలి, చిత్రకారుడు అక్కడే కూర్చుని వానకి తడిసి మరీ వేసి ఉండాలి. ఆంబ్రోస్ ఆ మాట ఎన్నిసార్లు అన్నాడంటే, చివరికి తానే నమ్మేశాడు.

ఓసారి, తన బొమ్మలు కొనే ఫెల్గేట్ దొర ఇంట్లో విందుకి పోయిన ఆంబ్రోస్ మరునాడు సాయంత్రం దాకా తిరిగి రాలేదు. వచ్చాక తడిసిన టోపీ కూడా తీయకుండా పొయ్యి ముందు కూలబడ్డాడు.

"ఏరా, బొమ్మ నచ్చలేదా ఆయనకి?" అంది హెప్సిబా.

"నచ్చింది. తీసుకున్నాడు."

"మరి ఆ మొహమేంటి, ఉడకని ముద్దలా?"

"జాబెజ్ డాక్‌ని పట్టుకున్నారక్కా."

హెప్సిబా చేతిలోని గరిటె ఆగిపోయింది. జాబెజ్ ఆ నదిలో పాముచేపలు పట్టుకుని బతికేవాడు. అంతకు ముందు సైన్యంలో ఉండేవాడు. యుద్ధం అయిపోయాక, ఇక మీ అవసరం లేదు పొమ్మని పంపేస్తే, రాజుగారిచ్చిన ఎర్రకోటు ఒక్కటి వేసుకుని ఇంటికొచ్చాడు. వేరే కోటు కొనుక్కునే స్తోమత లేదు. ఎడమ భుజంలో తుపాకి గుండు దిగడంతో ఆ భుజం కిందికి వాలిపోయి ఉంటుంది. ఎంత దూరం నుంచైనా నడిచొచ్చేది జాబెజే అని ఆ ఊళ్ళో పసిపిల్లలు కూడా చెప్పేస్తారు.

"దేనికి పట్టుకున్నారు?"

"గుడ్రమ్ గారి ధాన్యపు కొట్టుకి నిప్పు పెట్టాడని."

ఆ వసంతంలో రొట్టె ధర చూసి జనం కడుపులు మండిపోయాయి. ఊరూరా కేకలు, రాళ్ళు, గడ్డివాములకి మంటలు. మే నెలలో ఓ సాయంత్రం రేవు పక్కనున్న గుడ్రమ్ కొట్టు కాలి బూడిదైంది. ఎవరు కాల్చారో తెలియలేదు. దొరలకి మాత్రం ఎవరో ఒకరు దొరకాలి.

"జాబెజ్ ఆ రోజు మంచం మీద ఉన్నాడు కదరా. చిత్తడినేలల చలిజ్వరం వచ్చి, మత్తుకి గసగసాల కాయలు కాచుకు తాగి పడుకున్నానని ఆయనే చెప్పాడు నాతో."

"ఒంటరి మనిషి. మంచం మీదున్నాడని ఎవరు చూశారు? కొట్టు దగ్గరున్నాడని చెప్పడానికైతే సాక్ష్యం ఉంది."

"ఏం సాక్ష్యం?"

ఆంబ్రోస్ తల ఎత్తలేదు. "మన బొమ్మ."

అప్పుడు మెల్లగా ఒక్కో ముక్కా బయటికి లాగింది హెప్సిబా. ఫెల్గేట్ దొర ఆ ప్రాంతానికి మేజిస్ట్రేటు కూడా. బొమ్మ చేతికి తీసుకుని మెచ్చుకుని వెనక్కి తిప్పాడు. వెనకాల ఆంబ్రోస్ రాసుకున్నది ఉంది, ఇదే చోట కూర్చుని వేసినది అని, కింద తారీఖు. సరిగ్గా కొట్టు కాలిన రోజు. మళ్ళీ ముందుకి తిప్పాడు. ప్రశాంతమైన నది, వంగిన విల్లో చెట్లు, దూరంగా రేవు, రేవు పక్కన కొట్టు. దాని దగ్గర ఒడ్డున ఎర్రకోటులో, ఎడమ భుజం వాలిన మనిషి.

"ఈ మనిషి ఆ రోజు అక్కడున్నాడా అని అడిగాడు. బల్ల చుట్టూ అందరూ వింటున్నారు. కంటి ముందు లేనిది నేను వేయను దొరా అన్నా. ఎప్పుడూ అనేదే కదా, నోటికొచ్చేసింది. దేనికి అడుగుతున్నాడో నాకేం తెలుసక్కా?"

"తర్వాత తెలిసింది కదా?"

"పొద్దున్న మళ్ళీ పిలిచి బైబిలు మీద చెయ్యి పెట్టమన్నాడు. అప్పుడు తెలిసింది."

"తెలిసీ పెట్టావా?"

ఆంబ్రోస్ తడిసిన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. హెప్సిబా బల్ల దగ్గర తానూ కూర్చుంది. ఆ ఎర్రకోటు వేసింది ఈ బల్ల మీదే, కొట్టు కాలిన చాన్నాళ్ళకి. ఆ పొద్దున జాబెజ్ గుమ్మంలో నిలబడి పాముచేపలు ఇచ్చి పోయాడు. అతను వెళ్ళిపోతుంటే ఆ వాలు భుజం, ఆ కోటు వెలుగులో భలే కనబడ్డాయి. ఇదేదో బాగుందే అనుకుని, అతను కనుమరుగయ్యేలోపే వేసేసింది. వేశాక తనకి తానే మురిసిపోయింది కూడా. ఇంకాస్త చేతకానిదైతే ఆ భుజం అంత పోలికగా వచ్చేది కాదు, అతని మెడకి తాడూ వచ్చేది కాదు.

"రేపు పొద్దున్నే పోయి నిజం చెప్పు" అంది.

"చెప్తే నన్నేం చేస్తారో తెలుసా? దొంగప్రమాణం చేశానని బొండకొయ్యలో మెడా చేతులూ బిగించి సంతలో నిలబెడతారు. ఓడెక్కించి దేశం దాటించినా దాటిస్తారు. నువ్వెక్కడికి పోతావ్? పేదల సత్రానికా?"

అదీ నిజమే. హెప్సిబాకి ఆ సత్రం అంటే చచ్చేంత భయం. పొద్దున లేస్తే పాతతాళ్ళు విప్పడం, పలుచటి గంజి, గోడ పక్కన చావు. ఆ మాట వినగానే ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, జాబెజ్ ఎవరో తనకెందుకులే అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆయన్ని ఉరి తీస్తార్రా."

"రేపు నార్విచ్ జైలుకి పంపిస్తున్నారు. ఆగస్టులో విచారణ." ఆంబ్రోస్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. "తీస్తారు."

కాసేపటికి ఆమెకి ఇంకో సంగతి తట్టింది. ఇంగిలీకం దళసరి రంగు. కిందనున్న పచ్చరంగు కాగితంలోకి ఇంకిపోయి ఉంటుంది గానీ, ఇది ఇంకదు, పైపైన నిలబడుతుంది. తడిపి మెల్లగా తీస్తే ఎర్రకోటు పోతుంది, కింద గడ్డి మిగులుతుంది. ఆ గడ్డి కింద ఆంబ్రోస్ పెట్టిన పెన్సిలు గుర్తు ఉంటుంది.

"ఒరేయ్, ఒక్కటి చెప్పు. అక్కడ నువ్వు ఇంటూ పెట్టావా, పుల్లబొమ్మ గీశావా?"

ఆంబ్రోస్ పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

"నిన్నే అడిగేది."

"గుర్తులేదక్కా. ఆ రోజు ఎవరో ఒడ్డున పోతున్నట్టే ఉంది. రేవు దగ్గరో, వంతెన దగ్గరో తెలీదు. ఆ రోజు రెండు మూడు కాగితాలు గీశాను. వానొచ్చింది. దేని మీద ఏం పెట్టానో... నిజంగా గుర్తులేదు. నీకు గుర్తులేదా? దాని మీదే కదా వేశావ్?"

ఆమెకీ గుర్తులేదు. కోటు గుర్తుంది, భుజం గుర్తుంది, ఆ పొద్దున వచ్చిన పాముచేపలు గుర్తున్నాయి. పెన్సిలు గీత గుర్తులేదు. ఇన్నేళ్ళుగా వాటి మీద రంగు పెడుతూ వచ్చింది, ఒక్కదాన్నీ పట్టించుకుని చూడలేదు. పుల్లబొమ్మే ఉంటే, ఎవరో అనామకుడు ఆ సాయంత్రం అక్కడ నడిచినట్టే. ఆ అనామకుడి నేరానికి జాబెజ్ మెడకి తాడు బిగించేది అప్పుడు తన చేతులే.

తెల్లారాక ఒక్కతే బయల్దేరింది. ఆంబ్రోస్ గది తలుపు మూసే ఉంది. దారి నది వెంటే. వాన వెలిసింది. నీళ్ళు కదులుతున్నాయో లేదో తెలియనంత నెమ్మదిగా ఉన్నాయి. విల్లో చెట్లు, ఆ పక్క మేస్తున్న ఆవులు, దూరంగా నల్ల తెరచాప ఒకటి. అన్నీ బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి, కాలిపోయిన కొట్టు తప్ప. దాని నల్లటి మొండిగోడల దగ్గరికి రాగానే ఆమె శాలువా దగ్గరికి లాక్కుంది. ఒడ్డున తాను జాబెజ్‌ని నిలబెట్టిన చోటు ఇదే. ఇక్కడ గడ్డి, బురద తప్ప ఏమీ లేదు. ఇంత నెమ్మదైన చోట ఇంత భయం వేస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. వెనక్కి పోదామా అని రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ కాళ్ళు ముందుకే పోయాయి గానీ, ధైర్యంతో మాత్రం కాదు. వెనక్కి పోయినా ఆ వంటగదిలో ఆ బల్ల ఉంటుంది కదా.

ఫెల్గేట్ దొర చదువుకునే గదిలో గోడల నిండా ఆంబ్రోస్ బొమ్మలే. మధ్యలో బల్ల, బల్ల మీద ఆ బొమ్మ. తలుపు దగ్గర కానిస్టేబులు, అతని పక్కన సంకెళ్ళతో జాబెజ్. గడ్డం మాసిపోయి ఉంది. కోటు మాత్రం అదే. బయట బండి సిద్ధంగా ఉంది.

"పాముచేపలకి వచ్చారా అమ్మగారూ?" అన్నాడు జాబెజ్. "ఇవాళ వల వేయలేదండీ, కాస్త పని పడింది."

"నోర్ముయ్" అన్నాడు కానిస్టేబులు.

హెప్సిబా చెప్పవలసింది గబగబా చెప్పేసింది. దొర మధ్యలో అడ్డు రాలేదు. అరిచి ఉంటే కాస్త నయంగా ఉండేది. అంతా విని, వేళ్ళతో బల్ల మీద తట్టాడు.

"అంటే నీ తమ్ముడు నా ఇంట్లో, నా అన్నం తింటూ, నాకే అబద్ధం చెప్పాడంటావ్."

"అలవాటుగా అన్న మాట దొరా. ఎవరి ప్రాణం మీదికో వస్తుందని తెలిసి అన్నది కాదు."

"నువ్వు ఈ డాక్‌కి ఏమవుతావ్?"

"ఏమీ కాను. చేపలు కొంటాను."

"చేపలు అమ్మే మనిషి కోసం తమ్ముణ్ణి దొంగని చేస్తావా? ఎవరు నమ్ముతారు?"

"నన్ను నమ్మక్కర్లేదు దొరా. ఆ కోటు పైన పూసింది, తుడిస్తే పోతుంది. కింద మా వాడి గుర్తుంటుంది. ఒట్టి ఇంటూ ఉంటే అక్కడ ఎవరూ లేనట్టు."

"లేకపోతే?"

ఆమె బల్ల మీది బొమ్మ వైపు చూసింది. "మనిషి గీత ఉంటే, ఎవరో ఉన్నట్టు."

దొర కళ్ళు చిన్నవయ్యాయి. "మనిషి గీత కనబడితే వీణ్ణి ఉరికంబం ఎక్కించేది నువ్వే. కాగితం మొత్తం చెడిపోయి ఏమీ కనబడకపోతే, సాక్ష్యం నాశనం చేశావని నిన్నూ ఆ బండే ఎక్కిస్తాను. ఇప్పుడు చెప్పు, తుడుస్తావా?"

హెప్సిబా జాబెజ్ వైపు చూసింది. వద్దని అనమని లోపల్లోపల వేడుకుంది. అతను వద్దంటే ఇంటికి పోవచ్చు, నేను ప్రయత్నించాను అనుకుంటూ బతకొచ్చు.

"తుడవనీయండి దొరా" అన్నాడు జాబెజ్. "నేనక్కడ లేను. లేనివాడు రంగు కింద మాత్రం ఎట్లా ఉంటాడు?"

ఆ నమ్మకం చూసి ఆమెకి ఏడుపొచ్చింది. లేనిది జాబెజ్ ఒక్కడే, ఇంకెవరో ఉండి ఉండొచ్చని ఆ అమాయకుడికి ఎలా చెప్పడం?

"గిన్నెలో మంచినీళ్ళు కావాలి. కాస్త తెల్లరొట్టె, మెత్తటి లోపలి భాగం."

పనిమనిషి తెచ్చి పెట్టింది. హెప్సిబా తన వెంట తెచ్చుకున్న కుంచెని నీళ్ళలో ముంచింది. కోటు మీద తడి ఆనించి ఆగింది. తొందరపడితే కింది పచ్చదనం కూడా లేచొస్తుంది. ఇంగిలీకం నానాలి. కిటికీలోంచి నది కనబడుతూనే ఉంది.

రొట్టెని చిన్న ఉండ చేసి మెల్లగా అద్ది ఎత్తింది. ఉండ ఎర్రబడింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి చేసింది.

"ఇంత రొట్టె" అన్నాడు జాబెజ్, తనలో తాను అనుకున్నట్టు. "బొమ్మలు తుడవడానికి." కానిస్టేబులు ఈసారి నోర్ముయ్ అనలేదు.

కాళ్ళు ముందు పోయాయి. తర్వాత కోటు అంచు. దాని కింద గడ్డి బయటపడింది, కాస్త పాలిపోయినా గడ్డే. దొర ముందుకి వంగాడు. ఆమె మళ్ళీ తడిపి, మళ్ళీ అద్దింది. భుజం పోయింది, ఆ వాలు భుజం. అక్కడ సన్నటి బూడిదరంగు గీత ఒకటి తేలింది.

ఏటవాలు గీత. వంగిన వీపులా.

తన పక్కన దొర పెద్దగా ఊపిరి వదలడం హెప్సిబాకి వినబడింది. ఉన్నాడు, ఎవరో ఉన్నాడు, ఈ మనిషిని నేనే చంపాను అనుకుంది. చెయ్యి దానంతటదే మళ్ళీ కిందికి వచ్చి, మిగిలిన ఎర్రటి మరక మీద రొట్టెని అద్దింది. అద్ది ఎత్తింది.

మొదటి గీతని కోస్తూ రెండో గీత.

అంతే. తల లేదు, కాళ్ళు లేవు. పాలిపోయిన గడ్డిలో ఒక ఇంటూ.

ఆమె రొట్టె ఉండ కింద పెట్టేసి బొమ్మని దొర వైపు తిప్పింది.

దొర చాలాసేపు ఆ గుర్తుని చూశాడు. "దీనికి అర్థం నువ్వు చెప్పిందేనని ఎవరు చెప్పాలి? నువ్వేగా?"

ఇంత దూరం ఆమె ఆలోచించలేదు.

"నేను చెప్తాను."

తలుపులో ఆంబ్రోస్. బూట్లకి నది బురద. అక్క వెనకే దూరంగా నడిచొచ్చి, ఎంతసేపు ఆ వసారాలో నిలబడ్డాడో. మొహం సున్నం కొట్టినట్టు ఉంది.

"ఆ ఇంటూ నాదే దొరా. మనిషి కావాలని అక్కకి పెట్టిన గుర్తు. అక్కడ ఎవరూ లేరు. నిన్న నేను చేసింది దొంగప్రమాణం."

ఫెల్గేట్ దొర అప్పుడు బల్ల వదిలి గోడల వైపు తిరిగాడు. గట్టు మీద ఎర్రశాలువా ముసలమ్మ. పడవలో ఎర్రటోపీ మనిషి. గేటు దగ్గర ఎర్రగౌను పిల్ల. ఒక్కోదాని దగ్గరా ఆగి చూశాడు.

"ఈ పిల్ల?"

"నేనే వేశాను దొరా" అంది హెప్సిబా.

"ఆ ముసలమ్మ? ఆవిడ మా పాత దాదిలా ఉందని నా భార్య కన్నీళ్ళు పెట్టుకుంది."

"నేనే."

అతని చెంపలు కందిపోయాయి. వచ్చినవాళ్ళందరికీ ఈ గోడలు చూపించి, ఇందులో ఉన్నదంతా నిజం అని చెప్పుకున్న మనిషి. ఇప్పుడు ఆంబ్రోస్‌ని కోర్టుకీడిస్తే మొదట నవ్వులపాలయ్యేది తానే. అతను ఆ లెక్క వేసుకోవడం అందరికీ మొహంలోనే కనబడింది. చివరికి కానిస్టేబులుతో సంకెళ్ళు తీసేయమన్నాడు. ఆంబ్రోస్‌తో, "నీ బొమ్మలన్నీ సాయంత్రానికి నీ ఇంటికొస్తాయి. మళ్ళీ నా గుమ్మం తొక్కకు" అన్నాడు.

జాబెజ్ మణికట్లు రుద్దుకుంటూ బల్ల దగ్గరికొచ్చి, ఎర్రబడిన రొట్టె ఉండ ఒకటి తీసి నోటి దాకా తెచ్చాడు. హెప్సిబా అతని చేతి మీద కొట్టింది.

"అది పాదరసం కలిసిన రంగు, విషం."

"ఇందాక నన్ను చంపబోయింది కూడా ఇదే కదండీ" అంటూ దాన్ని కింద పెట్టేశాడు. నవ్వి, ఎర్రబడిన వేళ్ళు కోటుకి తుడుచుకున్నాడు.

బొమ్మలన్నీ తిరిగొచ్చాయి. ఆంబ్రోస్‌ని గుమ్మం తొక్కనివ్వనన్న ఫెల్గేట్ దొర మాట చుట్టుపక్కల దొరల ఇళ్ళన్నిటికీ చేరింది. బొమ్మలేయడం నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు ఒక్కొక్కరే మానేశారు. ఆంబ్రోస్ చాలా రోజులు కుంచె ముట్టలేదు, అక్కతో అవసరానికి మించి మాట్లాడనూ లేదు. అతని మౌనం ఆమెకి మంటలానే ఉండేది. అయినా పొద్దున లేచి జాబెజ్ పడవ నీళ్ళ మీద కనబడితే, అమ్మయ్య అనుకుని పొయ్యి వెలిగించేది.

చలి మొదలయ్యాక ఓ మధ్యాహ్నం ఆంబ్రోస్ తడిసిన టోపీతో లోపలికొచ్చి, బల్ల మీద ఓ కాగితం పరిచాడు. నది, విల్లో చెట్లు, నెమ్మదైన నీళ్ళు. ఎప్పటికంటే బాగా వేశాడు. ఒడ్డున గడ్డిలో సన్నగా ఓ ఇంటూ.

ఏమీ అనకుండా వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. హెప్సిబాకి కళ్ళు చెమర్చాయి. ఇంగిలీకం బిళ్ళ తీసి తడిపింది. కుంచె ఆ గుర్తు దాకా తెచ్చింది. కిటికీలోంచి చూస్తే అవతలి ఒడ్డున జాబెజ్, ఒకే ఒక్క ఎర్రచుక్క, భుజం వాల్చుకుని బుట్ట మోసుకుపోతున్నాడు. వేయడానికి ఎంత బాగున్నాడో. ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

కుంచె కడిగేసి, గోధుమరంగు కలిపింది. ఇంటూ మీద నాలుగు కాళ్ళు, ఓ పొట్ట, ఓ తోక పెట్టింది.

ఆంబ్రోస్ లేచొచ్చి చూశాడు. "ఆవా? ఎరుపు లేకపోతే ఎవరు కొంటారక్కా?"

"కొనకపోతే పోనీరా" అంది హెప్సిబా, కొమ్ములు దిద్దుతూ. "ఆవునైతే ఎవరూ ఉరి తీయరు."